ఆ అమ్మాయి ప్రశ్నకు సంఘం జవాబు చెప్పాలి



మొన్నటి సర్వసభ్య సమావేశంలో బోనసు మీద, పగారు పెంపు మీద రెండు గంటలు మాట్లాడుకున్నాం. వేదిక మీద నలుగురం మాట్లాడాం, నలుగురమూ మగవాళ్ళమే. సభ ముగిసే వేళకు వెనక వరుసలో నుంచి యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో పనిచేసే ఒక చెల్లెలు లేచింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో.

"కాకా, అన్నీ మాట్లాడిండ్రు. మా సూపర్‌వైజరు సంగతి ఎవరు మాట్లాడుతరు? బాత్రూముకు పోతే ఎనకాలనే వచ్చి నిలబడుతడు. చెయ్యి వేస్తడు. ఎవలకు చెప్పుకోవాలె?" అని అడిగింది.

అప్పుడు మేము ఏమన్నామో దాచుకోవలసిన పని లేదు. "అది తర్వాత చూద్దాం తల్లీ, ముందు పగారు సంగతి తేలనీ" అన్నాం. ఆమె కూర్చుంది. ఆమెతో వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు లేచి వెళ్ళిపోయారు. మేము నినాదాలిచ్చి సభ ముగించాం. ఈ సంపాదకీయం ఆ అమ్మాయికి మేము బాకీ పడ్డ జవాబు.

సభలో ఒక ఆడపిల్ల లేచి నిలబడటం కార్మికోద్యమానికి కొత్త కాదు. 1909 నవంబరు 22న న్యూయార్క్ నగరంలో కూపర్ యూనియన్ హాలులో ఆడవాళ్ళ చొక్కాలు కుట్టే కార్మికుల సభ జరిగింది. పెద్ద నాయకులు రెండు గంటలు ఉపన్యసించారు. జాగ్రత్తగా ఉండాలన్నారు, ఆలోచించాలన్నారు. అప్పుడు క్లారా లెమ్లిచ్ అనే 23 ఏళ్ళ కుట్టుపని అమ్మాయి మాట్లాడే అవకాశం అడిగి వేదిక ఎక్కింది. పొట్టకూటికి పరాయి దేశం నుంచి వలస వచ్చిన పిల్ల. అంతకు కొన్ని వారాల ముందే పికెటింగ్‌లో గూండాలు ఆమె పక్కటెముకలు విరగ్గొట్టారు. మాటలు చాలు, సార్వత్రిక సమ్మె తీర్మానం పెడుతున్నానని తన భాషలో చెప్పింది. సభ అంతా చేతులెత్తింది. దాదాపు 20,000 మంది పని ఆపారు. వాళ్ళలో ఎక్కువమంది పెళ్ళికాని పడుచు పిల్లలే.

చాలా కంపెనీలు దిగివచ్చి సంఘంతో ఒప్పందం చేసుకున్నాయి. ట్రయాంగిల్ కంపెనీ సంఘాన్ని గుర్తించలేదు. 1911 మార్చి 25న ఆ కంపెనీలో నిప్పంటుకుంది. మెట్ల దారి తలుపుకు తాళం వేసి ఉంది. 146 మంది చనిపోయారు. సమ్మెలో ఆ పిల్లలు పగారుతోపాటు తలుపుల సంగతీ, నిప్పు భయం సంగతీ మాట్లాడారు. వినివుంటే ఎందరో బతికేవారు.

1917 మార్చి 8న పెట్రోగ్రాడ్‌లో జరిగిందీ ఇటువంటిదే. ఈ రోజు సమ్మె వద్దని నాయకులు చెప్పినా బట్టల మిల్లుల ఆడవాళ్ళు వినలేదు. రొట్టె కోసం వీధిలోకి వచ్చారు. పక్క ఫ్యాక్టరీల మగవాళ్ళను పిలిచి తీసుకొచ్చారు. వారం తిరిగేసరికి జారు చక్రవర్తి గద్దె దిగాడు. మనం ఏటా మార్చి 8న దండలు వేసి మిఠాయి పంచుతాం గాని, ఆ రోజు వెనుక మన వృత్తి ఆడపిల్లల సమ్మె ఉన్నదని ఎందరికి తెలుసు?

ఈ మధ్య పదేళ్ళుగా ప్రపంచంలో పడుచు ఆడవాళ్ళు ఒక పని చేస్తున్నారు. మన ఆయుధమైన సమ్మెను తీసుకుని, మనం ఎన్నడూ వాడని చోట వాడుతున్నారు. దీనికి దారి చూపింది ఐస్‌లాండ్. 1975 అక్టోబరు 24న ఆ చిన్న దేశంలో నూటికి 90 మంది ఆడవాళ్ళు ఆఫీసులో పనీ, ఇంట్లో వంటా రెండూ ఆపేశారు. మగవాళ్ళు పిల్లల్ని చంకన వేసుకుని పనికి పోవలసి వచ్చింది. మరుసటి ఏడే సమానత్వ చట్టం వచ్చింది. ఇంటిపని కూడా పనే అన్న మాట ఆ ఒక్క రోజుతో అందరికీ అర్థమైంది.

2016 అక్టోబరు 3న పోలండ్ యువతులు అదే దారి పట్టారు. గర్భస్రావాన్ని దాదాపు పూర్తిగా నిషేధించే బిల్లు వస్తే, నల్ల బట్టలు కట్టి పని మాని వీధుల్లోకి వచ్చారు. మూడు రోజుల్లో పార్లమెంటు ఆ బిల్లును తిరస్కరించింది. 2020లో కోర్టు తీర్పుతో ఆ ఆంక్షలు మళ్ళీ వచ్చిపడ్డాయి, వాళ్ళు మళ్ళీ వీధిలోకి వచ్చారు. గెలిచింది నిలబెట్టుకోవాలంటే కాపలా ఉండాలని మన సంఘాలకూ తెలిసిందే.

అర్జెంటీనాలో 2015 జూన్ 3న 'నీ ఉనా మేనోస్' అనే పిలుపుతో లక్షల మంది కదిలారు. మాలో ఒక్కరు కూడా తగ్గకూడదు అని దాని భావం. 14 ఏళ్ళ పిల్ల హత్యతో మొదలైన కోపం అది. మరుసటి ఏడు అక్టోబరు 19న, మరో 16 ఏళ్ళ పిల్ల చనిపోయినప్పుడు, దేశమంతా ఆడవాళ్ళు గంటసేపు పని ఆపారు. మెడలో ఆకుపచ్చ రుమాలు వాళ్ళ గుర్తు. సైనిక పాలనలో మాయమైన బిడ్డల కోసం తల్లులు కట్టుకున్న తెల్ల రుమాలు దానికి అమ్మమ్మ వంటిది. చారెడు బట్ట ఎంత పని చేస్తుందో బట్ట నేసే మనకు ఒకరు చెప్పాలా? 2020 డిసెంబరు 30న ఆ రుమాలు వాళ్ళు అడిగిన గర్భస్రావ హక్కు చట్టమైంది.

స్పెయిన్‌లో 2018 మార్చి 8న పెద్ద కార్మిక సంఘాలు రెండు గంటల సమ్మెకు పిలుపునిచ్చాయి. సంఘాల లెక్క ప్రకారం 50 లక్షలకు పైగా పాల్గొన్నారు. ఆడపిల్లలు ముందు నడిచారు, సంఘం వెనక నిలిచింది. మనం గమనించవలసింది ఇది.

"అవన్నీ చదువుకున్నోళ్ళ ముచ్చట్లు, మన కార్ఖానాలో చెల్లవు" అనేవాళ్ళు మనలో ఉన్నారు. వాళ్ళు ఆఫ్రికాలోని లెసోతో చూడాలి. అక్కడ పెద్ద కంపెనీలకు జీన్సు కుట్టే ఫ్యాక్టరీల్లో, ఉద్యోగం నిలవాలంటే సూపర్‌వైజరు మాట వినాలని ఆడవాళ్ళను వేధించారు. సంఘాలూ మహిళా సంస్థలూ కలిసి పోరాడి 2019లో ఒప్పందం సాధించాయి. సుమారు 10,000 మందికి అది వర్తించింది. వేధింపు ఆగకపోతే ఆర్డర్లు పోతాయన్న భయం యాజమాన్యానికి పట్టుకుంది.

అంత దూరం ఎందుకు? 2021 జనవరిలో దిండిగల్ దగ్గర, ఎగుమతి బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసే ఇరవై ఏళ్ళు దాటీ దాటని దళిత యువతి హత్యకు గురైంది. చంపింది సూపర్‌వైజరు. అక్కడ మహిళలే నడిపే సంఘం ఆ చావును ఒక్క కేసుగా పోనివ్వలేదు. ఏడాదికి పైగా పోరాడి 2022లో దిండిగల్ ఒప్పందం కుదిర్చింది. ప్రతి పాతికమంది కార్మికులకు ఒకరు చొప్పున, లైన్లో పనిచేసేవాళ్ళ నుంచే, వేధింపు మీద కన్ను వేసి ఉంచేవారిని పెట్టుకున్నారు. బట్ట కొనే విదేశీ కంపెనీల చేత కూడా సంతకం పెట్టించారు. ఆడపిల్ల అని గాని, కులం పేరుతో గాని, వలస వచ్చిందని గాని తక్కువ చేయరాదని అందులో రాయించారు. మన వంటి కార్ఖానాల్లోనే, మన వంటి పిల్లలే సాధించిన పని ఇది.

బెంగుళూరు కూడా మరువరానిది. పి.ఎఫ్. డబ్బు 58 ఏళ్ళు నిండేదాకా పూర్తిగా తీసుకోరాదన్న కొత్త నిబంధన మీద 2016 ఏప్రిల్‌లో వేలమంది గార్మెంట్ ఆడవాళ్ళు మిషన్లు వదిలి రోడ్డెక్కారు. ఏ సంఘమూ పిలవలేదు. రెండో రోజుకే కేంద్రం ఆ నిబంధన వెనక్కి తీసుకుంది. అప్పుడు మా వంటి నాయకులం సంతోషించాం, లోలోపల సిగ్గుపడ్డాం కూడా.

"ఇటువంటి సంగతులెత్తితే మగ కార్మికులకూ ఆడ కార్మికులకూ మధ్య చీలిక వస్తుంది" అని ఇంకో మాట అంటారు. చీలిక తెచ్చేది సూపర్‌వైజరు చెయ్యి. అతని మాట కాదన్న అమ్మాయి కుట్టిన పీసుల్లో మర్నాటి నుంచి తప్పులు దొరుకుతాయి. రిజెక్టు పేరుతో పగారు కోత పడుతుంది. పది నిమిషాలు ఆలస్యమైతే హాజరీ సగమవుతుంది. పాత మిషను అంటగడతారు. ఇది పగారు సంగతి కాదా? "ముందు పగారు తేలనీ" అన్న మా మాట అందుకే తప్పు. ఆమె చెప్పింది పగారు సంగతే. మాకు వినిపించలేదు.

మన ఇళ్ళ సంగతీ ఒకసారి చూసుకోవాలి. రాత్రి తొమ్మిదింటికి మీటింగు పెడితే మనం రాగలుగుతున్నాం. ఇంట్లో ఒకరు కండెలు చుట్టో, బీడీలు చుట్టో వచ్చి, మళ్ళీ వంట చేస్తున్నారు గనుక. వాళ్ళు మీటింగుకు ఎలా వస్తారు? మన కార్యవర్గంలో 11 మందిలో ఒకే ఒక్క అక్క ఉంది. షోలాపూర్‌లో యూనిఫారాలు కుట్టేది ఎవరు, బీడీలు చుట్టేది ఎవరు?

చట్టం మన చేతిలో ఉంది. పనిచోట వేధింపులను నిషేధించే చట్టం 2013లో వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దాని అధ్యక్షురాలు స్త్రీ అయివుండాలి, సభ్యుల్లో కనీసం సగం స్త్రీలు ఉండాలి. కమిటీ వేయని యజమానికి 50,000 రూపాయల దాకా జరిమానా. పదిమందికి తక్కువున్న చిన్న కార్ఖానాల వాళ్ళు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. రాయడం రానివాళ్ళకు కమిటీయే సాయం చేయాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి.

వచ్చే సర్వసభ్య సమావేశం ముందు ఈ తీర్మానాలు పెడుతున్నాం. సమావేశాలు ఇకపై ఆదివారం మధ్యాహ్నం జరగాలి. కార్యవర్గంలో నలుగురు స్త్రీలుండాలి, అందులో ఇద్దరు ముప్ఫై ఏళ్ళలోపు వాళ్ళు కావాలి. మన సభ్యులున్న ప్రతి కార్ఖానాలో కమిటీ ఉందో లేదో నెలలోగా జాబితా తయారు కావాలి, లేనిచోట సేటుకు సంఘం నోటీసు ఇవ్వాలి. ఫిర్యాదు చేసిన అమ్మాయిని పనిలో నుంచి తీసేస్తే ఆ కార్ఖానా అంతా, మగవాళ్ళతో సహా, పని ఆపాలి. ఈ చివరి తీర్మానానికి చేతులెత్తేవాళ్ళు బాగా ఆలోచించి ఎత్తాలి. ఎత్తాక దింపకూడదు.

ఆ చెల్లెలి దగ్గరికి మేము స్వయంగా పోయాం. క్షమించమని అడిగాం. "సరే కాకా, వచ్చే మీటింగుల నాకు మొదలు మైకు ఇయ్యుండ్రి" అంది. ఇస్తామని మాట ఇచ్చాం. సభ్యులందరూ తప్పక రావాలి. ఇంట్లో ఆడవాళ్ళను వెంట తీసుకురావాలి. ఆ పూట వంట మనం చేద్దాం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!