టీకా మీద ప్రశ్న ఎవరిది?

"టీకాలన్నీ కంపెనీల మాయ" అని మొన్న మా ఉపాధ్యాయుల గదిలో ఒక మిత్రుడు సెలవిచ్చాడు. తాను అభ్యుదయవాదినని చెప్పుకొనే మనిషే. సాక్ష్యంగా గినీ బిస్సావ్ పేరెత్తాడు. తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి, వైద్యుణ్ణి కాను. అయినా ఆ సాక్ష్యం ఏమిటో చదివాక ఊరుకోలేకున్నాను.

పోర్చుగీసు వలసపాలనను వదిలించుకొన్న ఆ పేద ఆఫ్రికా దేశంలో 1978 నుంచి డెన్మార్క్ పరిశోధకుడు పీటర్ ఆబీ, ఆయన సహచరులు ఇంటింటా పిల్లల జననమరణాల లెక్క రాస్తూ వచ్చారు. తట్టు టీకా వేసిన పిల్లల్లో మరణాలు, తట్టు ఆగినందువల్ల తగ్గవలసిన దానికన్న ఎక్కువగా తగ్గినట్లు గమనించారు. అనగా ఒక జబ్బుకు వేసిన టీకా ఇతర జబ్బులనెదిర్చే శక్తిని కూడా మార్చగలదన్న మాట. క్షయకు వేసే బి.సి.జి. రక్తంలోని తొలి కాపలా కణాలకు తర్ఫీదునిస్తుందని నెదర్లాండ్స్‌లో నెతియా బృందం 2012లో చూపింది.

ఆ లెక్కలకు రెండో ముఖం కూడా ఉన్నది. అధిక మోతాదు తట్టు టీకా తట్టునాపింది. కాని గినీ బిస్సావ్‌లోనూ, సెనెగల్‌లోనూ అది వేసిన ఆడపిల్లలు ఎక్కువగా చనిపోయారు. 1992లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మానిపించింది. కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతాలకు వేసే డి.పి.టి. మీద కూడా ఆబీ అనుమానం లేవదీశాడు. 2014లో ఆ సంస్థ నిపుణులు పరిశీలించి, బి.సి.జి., తట్టు టీకాలు అదనపు మేలు చేస్తున్నట్లున్నవనీ, డి.పి.టి. సంగతి ఎటూ తేలలేదనీ అన్నారు. ఆ అదనపు మేలైనా అంతటా ఒకే తీరున లేదు. డెన్మార్క్‌లో పసిపిల్లలకు బి.సి.జి. వేసి చూస్తే ఆసుపత్రి పాలవడం తగ్గలేదు.

తేలని ఈ సంగతినే 2025 జూన్‌లో అమెరికా ఆరోగ్యమంత్రి కెనెడీ తీర్పుగా మార్చాడు. 2017 నాటి గినీ బిస్సావ్ వ్యాసాన్ని చూపి, పేదదేశాలకు టీకాలు సమకూర్చే గావీ సంస్థకు ఇక డబ్బివ్వమన్నాడు. మా మిత్రుడు తానెవరి పక్కన నిలబడ్డాడో చూసుకోవాలి.

"ఆ జబ్బు తగ్గిందా లేదా, అంతే చూస్తాం" అనే అధికారులతోనూ నాకు తగాదా ఉన్నది. అంతే చూసి ఉంటే ఆ ఆడపిల్లల చావులు ఎవరికీ తెలిసేవి కావు. టీకా వేశాక బిడ్డ బ్రతికిందా అన్నదే అసలు లెక్క. ఆ లెక్క ప్రతి పేదవాడలోనూ రాయమని ప్రభుత్వాలను నిలదీద్దాం. ఆ పని మాని టీకాలనే మానమంటే, మళ్లీ తట్టుకు బలయ్యేది ఆ వాడల పిల్లలే.