ఓడ ఎక్కనివాళ్ళ పక్షాన: మా ప్రణాళిక

మేం తెలుగులో సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్ళం, దొరికినదల్లా చదివేవాళ్ళం. భూమి అంతమైపోయే కథలంటే మాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఏ తోకచుక్కో వచ్చి గుద్దబోతుంది, సూర్యుడు ఉబ్బిపోతాడు, సముద్రాలు పొంగుతాయి. ఉన్నది ఒకే ఓడ, అందులో చోటు కొద్దిమందికే. ఇలాంటి కథలు మానేయాలని మేం అనడం లేదు. ఇన్నాళ్ళూ రాసిన తీరులో మాత్రం ఇక రాయం.

మొదటి మాట జాబితా గురించి. ఎవరు ఎక్కాలో చెప్పే జాబితా ఆకాశం నుంచి ఊడిపడదు. ఎవరో ఒక గదిలో కూర్చుని రాస్తారు. ఆ గదినీ, ఆ మనుషులనీ, వాళ్ళు కొట్టేసిన పేర్లనీ కథలో చూపించి తీరాలి.

ఫిలిప్ వైలీ, ఎడ్విన్ బామర్ కలిసి రాసిన 'వెన్ వరల్డ్స్ కొలైడ్' 1933లో పుస్తకంగా వచ్చింది. 1951లో జార్జ్ పాల్ దాన్ని సినిమాగా నిర్మించాడు. ఈ కోవ కథలకి అది పెద్దబాలశిక్ష లాంటిది. సినిమాలో ఓడ కట్టడానికి వందల మంది రాత్రింబవళ్ళు ఒళ్ళు హూనం చేసుకుంటారు, సీట్లు మాత్రం పదుల్లోనే. అందుకని చీటీలు వేస్తారు. నంబరు వచ్చిన ఒక కుర్రాడు, తను ప్రేమించిన పిల్లకి రాలేదని తన చోటు వెనక్కిచ్చేస్తాడు. ఓడ కట్టించే పెద్దాయన మనసు కరిగి ఇద్దరినీ ఎక్కించుకుంటాడు. ఇక కథానాయకుడు రాండాల్ సంగతి. పెద్దాయన కూతురు అతన్ని ఇష్టపడింది, అదే అతని టికెట్టు. నేను ఎందుకూ పనికిరానని అతనే మొత్తుకుంటే, పైలట్‌కి గుండె బాగాలేదు, నువ్వు తప్పనిసరి అని ఒక అబద్ధం చెప్పి మరీ ఒప్పిస్తారు. అంటే చీటీలు వేశాక కూడా పెద్దాయన దయే ఎక్కువ పనిచేసింది. ఆ దయ అందనివాళ్ళు చివర్లో తుపాకులు పట్టుకుని ఓడ మీదికొస్తే మాత్రం సినిమా వాళ్ళని ఒట్టి మూకగా చూపిస్తుంది. ఆ ఓడకి చెమట ధారపోసింది వాళ్ళే.

కాబట్టి లాటరీ పెట్టినంత మాత్రాన రచయిత చేతులు దులుపుకోవడం కుదరదు. డబ్బాలో ఎవరి చీటీలు వేశారో, ఎవరివి అసలు వెయ్యనేలేదో రాయాలి. 'డీప్ ఇంపాక్ట్' (1998)లో అమెరికా ప్రభుత్వం పది లక్షల మందిని గుహల్లో దాచాలనుకుంటుంది. రెండు లక్షల మందిని ముందే ఎంచుకుని, మిగతా ఎనిమిది లక్షల మందికీ లాటరీ పెడుతుంది. యాభై దాటినవాళ్ళకి ఆ లాటరీలో చోటు లేదు. ఆ ముక్క చెప్పేసి సినిమా ముందుకెళ్ళిపోతుంది. మేం అక్కడే ఆగుతాం. మా అమ్మానాన్నలు ఆ ముక్కలో ఉన్నారు.

'పనికొచ్చేవాళ్ళు' అనే మాటని మా కథల్లో ఏ పాత్ర అన్నా సరే, కథ దాన్ని నిలదీస్తుంది. డగ్లస్ ఆడమ్స్ సృష్టించిన గోల్గాఫ్రించమ్ గ్రహంవాళ్ళు ప్రళయం వస్తోందని బొంకి, క్షురకులనీ, ఇన్సూరెన్స్ ఏజెంట్లనీ, టెలిఫోన్లు తుడిచేవాళ్ళనీ ఒక ఓడలో పెట్టి వదిలించుకున్నారు. తర్వాత మురికి టెలిఫోను నుంచి పుట్టిన జబ్బుతో మిగిలినవాళ్ళంతా చచ్చారు. అందరూ దాన్ని హాస్యమంటారు. వృత్తిని బట్టి మనిషికి విలువ కట్టిన ఊళ్ళల్లో పుట్టినవాళ్ళం, మాకు నవ్వు రాదు. 2020 లాక్‌డౌన్‌లో అందరం తలుపులు వేసుకుంటే తెల్లారి వీధులు ఊడ్చింది ఎవరో కళ్ళారా చూశాం.

ఇంకొక సన్నివేశం మమ్మల్ని ఏళ్ళ తరబడి వదల్లేదు. 2009లో వచ్చిన '2012' సినిమా. భూగర్భం వేడెక్కుతోందని మొట్టమొదట కనిపెట్టింది సత్నామ్ అనే భారతీయ శాస్త్రవేత్త, ఇక్కడి ఒక రాగి గని లోతుల్లో. ఆ కబురు అందుకునే దేశాధినేతలు ఓడలు కట్టించారు, ఒక్కో సీటు వంద కోట్ల యూరోలకి అమ్మారు. సత్నామ్‌ని తీసుకెళ్ళాల్సిన విమానం మాత్రం రాలేదు. అమెరికన్ స్నేహితుడికి ఫోన్ చేసి అల వస్తోందని చెప్తాడు, ఆఖరి గడియలోనూ హెచ్చరిక మోసేది అతనే. భార్యనీ కొడుకునీ దగ్గరికి తీసుకుంటాడు. నీళ్ళు వచ్చేస్తాయి. ఆ విమానం ఎందుకు రాలేదు? ఏ బల్ల మీద ఏ కాగితం ఆగిపోయింది? మాకు కావలసిన కథ అది. సినిమా హీరో కారు ఎన్ని గోతులు దూకిందన్నది కాదు.

జాబితా ఒక్కోసారి కాగితం మీద ఉండదనీ గుర్తుపెట్టుకుంటాం. మాలో ఒకరి నాయనమ్మది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఒక డాబా ఎక్కి, చీర కొంగు పిట్టగోడ కన్నానికి ముడేసుకుని రాత్రంతా కూర్చుంది. "ఎవరిని ఎక్కనియ్యాలో ఎవరూ మాట్లాడుకోలేదురా. డాబా ఎవరిదో వాళ్ళ మనుషులు ముందెక్కారు, దగ్గరిళ్ళవాళ్ళం తర్వాత ఎక్కాం. పాకలోళ్ళది దూరం" అనేది. ఆ రాత్రి ఎవరు బతకాలో ఊళ్ళో ఇళ్ళు కట్టినప్పుడే రాసేశారు. తర్వాత కోస్తాలో తుఫాను షెల్టర్లు లేచాయి. షెల్టరు కట్టేటప్పుడు ముందు ఊళ్ళో తలలు లెక్కపెడతారు. మా కథల్లో ఓడకి కూడా ముందు ఆ లెక్కే వెయ్యాలి. అందరినీ తీసుకెళ్ళాలంటే ఏం కావాలి, ఎంత ఇనుము, ఎంత ఇంధనం, ఎన్నేళ్ళు? ఆ లెక్క వేసి, తలపడి, ఓడిపోయాకే ఎంపిక మాట ఎత్తాలి.

లియు సిషిన్ 'ది వాండరింగ్ ఎర్త్' మాకు అందుకే ఆప్తం. అందులో ఓడెక్కి పారిపోవడం ఉండదు, భూమికే ఇంజన్లు బిగించి భూమినే తోలుకుపోతారు. 2019 సినిమాలో అయితే పదివేల ఇంజన్లు, 2,500 ఏళ్ళ ప్రయాణం. అంత పెద్ద మనసున్న కథలోనూ భూగర్భ నగరాల్లో చోటుకి మళ్ళీ లాటరీయే. కొడుకుని చూసుకునే మామగారికి చోటు దక్కాలని, జబ్బుపడ్డ భార్య వైద్యం వదులుకుంటాడు ఒక తండ్రి. కొడుకు ఆ సంగతి మరిచిపోడు, కథ కూడా మరిచిపోదు. ఎంపిక చేసిన గాయం అలా చివరిదాకా సలపాలి.

మన పురాణంలోనూ ఇలాంటి ఓడ ఉంది. భాగవతంలో సత్యవ్రతుడి నావలో సప్తర్షులు ఎక్కారు, విత్తనాలు ఎక్కాయి. విత్తేవాళ్ళ గురించి మేం రాస్తాం. 'కల్కి 2898 ఏడీ' సినిమాలో కాశీ జనం నెత్తిన వేలాడే కాంప్లెక్స్ అనే నగరాన్ని చూశాం. ఆ సినిమా హీరో భైరవలా దాన్లోకి ఎలా దూరాలా అని కాకుండా, కింద దుమ్ములో నీళ్ళెలా పంచుకుంటున్నారో రాస్తాం.

ఈ ప్రణాళికకి సంతకాలు అక్కర్లేదు. మాతో ఏకీభవిస్తే ఒక కథ రాసి పట్టుకురండి. నిడివికి హద్దు లేదు, ఓడ ఎలాంటిదైనా సరే. ఒక్కటే షరతు: ఓడ ఎగిరిపోయాక కథ కనీసం ఒక పేజీ నేల మీదే ఉండాలి. ఆ పేజీలో కనబడే ప్రతి మనిషికీ పేరు పెట్టండి.