జమ్మి ఆకు బంగారం, మరి చెట్టు?

ఈసారి కొంచెం కోపంగా రాస్తున్నాను. నేను ఇంగ్లీషు మీడియంలో చదివి, అరవై దాటాక తెలుగు రాయడం సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. తప్పులుంటే భాషనే దిద్దండి, కోపాన్ని కాదు.

పోయిన దసరాకి అల్ మవాలేలో మా ఇంటికి ఒక కుర్రాడు పెద్ద జమ్మి కొమ్మ తెచ్చాడు. ఒమన్‌లో జమ్మి ఎక్కడిది అనుకోకండి. ఇక్కడివాళ్ళు గాఫ్ అనేది మన జమ్మినే. "అంకుల్, గుడిలో అందరికీ బంగారం పంచుదాం" అన్నాడు. (తెలంగాణలో దసరా రోజు జమ్మి ఆకుని బంగారం అంటారు. పెద్దల చేతిలో పెట్టి కాళ్ళకి మొక్కుతారు.) రోడ్డు దాటి అవతల ఉన్న చెట్టు నుంచి విరిచాడట. ఒమన్‌లో 2003లో వచ్చిన ప్రకృతి రక్షణ చట్టం ప్రకారం అడవి చెట్లు నరకడం నేరం అని చెప్పాను.

"ఒక్క కొమ్మే కదా అంకుల్. మన ఊళ్ళో అయితే ఎవరూ ఏమీ అనరు."

నిజమే, అనరు. నా బాధ అదే.

మా అమ్మమ్మ ఊరు నల్గొండ జిల్లాలో ఉంది. చెరువు కట్ట పక్కన ముసలి జమ్మి ఉండేది, దసరాకి ఊరంతా అక్కడికే వెళ్ళేవాళ్ళం. రోడ్డు వెడల్పు చేస్తూ దాన్ని కొట్టేశారు. (మనిషిని కొట్టినా చెట్టుని కొట్టినా తెలుగులో ఒకటే మాట, గమనించారా?) మేనమామ కొడుక్కి ఫోన్ చేస్తే, "పర్మిషన్ ఉన్నదట బావా, మనమేం జేస్తం" అన్నాడు.

చట్టం లేక కాదు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అధికారి అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. 2014 నుంచి జమ్మి తెలంగాణ రాష్ట్ర వృక్షం. 2018 పంచాయతీరాజ్ చట్టమైతే నాటిన మొక్కల్లో నూటికి 85 బతకాలంటుంది. మొక్కలకి లెక్క ఉంది. ఊరి ముసలి చెట్టు ఏ లెక్కలోనూ లేదు. అనుమతి ఇచ్చే ముందు మావాళ్ళని ఎవరూ అడగలేదు.

రోడ్డు వద్దా అంటారు. కావాలి, అంబులెన్సు రావాలి. కానీ రోడ్డు గీత గీసే ముందే చెట్టు పేరు కాగితం మీద ఉండాలి. దానికి దారి ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీకీ ఒక కమిటీ, ఊళ్ళోని చెట్లూ చేమలూ రాసే రిజిస్టరూ ఉండాలి. రిజిస్టర్లో రాస్తే గొడ్డలి ఆగిపోదు, ఒప్పుకుంటాను. కానీ స్థానిక సంస్థలతో మాట్లాడి రాష్ట్ర ప్రభుత్వం ఒక చోటుని వారసత్వ స్థలంగా ప్రకటించవచ్చు. బెంగళూరు దగ్గర నల్లూరు చింతతోపుకి 2007లో అలాగే రక్షణ వచ్చింది, దేశంలో అదే మొదటిది. చింతతోపుకి వచ్చింది మన జమ్మికి రాదా?

1730లో రాజస్థాన్‌లోని ఖేజడ్లీలో ఈ చెట్టు కోసమే 363 మంది బిష్ణోయిలు ప్రాణాలిచ్చారు. సెలవుకి వెళ్ళే మనం గ్రామసభలో ఒక అర్జీ ఇవ్వలేమా? షాపింగ్‌కి టైముంటుంది కదా! అర్జీ తెలుగులో రాయడం రాకపోతే నాకు చెప్పండి, కలిసి తంటాలు పడదాం.

ఈ దసరాకి మా గుడిలో మనిషికి ఒక్క ఆకే. కొమ్మలు తెచ్చేవాళ్ళని గేటు దగ్గరే ఆపుతాను. ఆ డ్యూటీ అడిగి మరీ తీసుకున్నాను.