హాల్ బుక్ చేసే ముందే ర్యాంపు సంగతి అడగాలి

మలేషియాలో 2008 నాటి దివ్యాంగుల చట్టాన్ని సవరించాలన్న మాట కొన్నేళ్ళుగా వినిపిస్తూనే ఉంది. ఇది 685వ నంబరు చట్టం. ఇందులోని 26వ సెక్షన్ భవనాలు, ప్రజా సౌకర్యాలు వాడుకునే హక్కు గురించి చెబుతుంది. 31వ సెక్షన్ సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కు గురించి చెబుతుంది. అంటే మన ఉగాది సభకు, సంక్రాంతి ముగ్గుల పోటీకి, పిల్లల కూచిపూడి కార్యక్రమానికి వచ్చి కూర్చునే హక్కు కాగితం మీద అందరికీ ఉంది. కానీ ఆ హక్కు దక్కకపోతే బాధ్యులకు జరిమానా అంటూ ఏమీ లేదు. ఇక్కడి దివ్యాంగుల సంఘాలు దీన్ని కోరల్లేని చట్టమని విమర్శించేది ఇందుకే.

మన దేశంలోనూ ఇలాంటి చిక్కే వచ్చింది. అక్కడ 2016 చట్టం ఉంది, నియమాలూ ఉన్నాయి. కానీ ఆ నియమాలు చాలావరకు సలహాల్లా ఉన్నాయి తప్ప ఆదేశాల్లా లేవు. చూపు లేని రాజీవ్ రాతూరి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న తీర్పు చెబుతూ ఆ లోపాన్ని ఎత్తిచూపింది. తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలను వేరుగా రాయాలని కేంద్రానికి మూడు నెలల గడువు ఇచ్చింది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన నివేదికను తయారు చేసింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమే.

కోర్టులు, పార్లమెంట్లు వాటి వేగంలో అవి నడుస్తాయి. ఈలోగా మన చేతిలో ఏమీ లేదా అంటే, ఉంది. మలేషియాలో తెలుగువాళ్ళ కార్యక్రమాలు ఎక్కువగా అద్దె హాళ్ళలోనే జరుగుతాయి. హోటల్ హాల్, కమ్యూనిటీ హాల్, గుడి మండపం, స్కూల్ హాల్, ఏదైనా డబ్బు కట్టేది మనం. చట్టం అడిగితే జవాబు చెప్పని యజమాని అద్దెకు తీసుకునేవాళ్ళు అడిగితే చెబుతాడు. అడ్వాన్స్ ఇవ్వకముందు మన మాటకు ఉండే బలం ఇచ్చాక ఉండదు.

"మన సభలకు అలాంటివాళ్ళు ఎవరూ రారు కదండీ" అని కమిటీల్లో ఒక మాట వినిపిస్తుంది. ఈ మాటను కాస్త లెక్కతో పరీక్షిద్దాం. మలేషియాలో ఓకేయూగా నమోదైనవాళ్ళు జనాభాలో సుమారు 2 శాతం. కానీ 2019లో జరిగిన జాతీయ ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్ళలో 11 శాతం మందికి ఏదో ఒక వైకల్యం ఉన్నట్టు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ప్రతి ఆరుగురిలో ఒకరు. కార్డుల లెక్కకూ అసలు లెక్కకూ అంత తేడా ఉంది. పైగా ఆ కార్డు ఇక్కడి పౌరులకూ శాశ్వత నివాసులకూ మాత్రమే. ఉద్యోగ వీసా మీద వచ్చిన కుటుంబాల పిల్లలు, విజిట్ వీసా మీద వచ్చి కొన్నాళ్ళుండే అమ్మానాన్నలు ఆ లెక్కలోకి రానే రారు.

కాబట్టి హాల్లో కనబడటం లేదంటే ఊళ్ళో లేరని కాదు, ఇంట్లో ఉండిపోయారని. ఒకరు రాలేకపోతే వాళ్ళకు తోడుగా ఇంకొకరు ఆగిపోతారు. చాలా ఇళ్ళలో ఆ ఇంకొకరు అమ్మే. మన ఇన్విటేషన్‌లో "సకుటుంబ సపరివార సమేతంగా" అని వేస్తాం. ఆ మాట నిజం కావాలంటే హాల్ చూడటానికి వెళ్ళిన రోజున కొన్ని విషయాలు గమనించాలి.

మొదటిది లోపలికి వచ్చే దారి. ఇక్కడి భవన నిబంధనల్లో 34ఏ అనే నిబంధన, ఎంఎస్ 1184 అనే ప్రమాణం దివ్యాంగులకు కావాల్సిన ఏర్పాట్లను వివరిస్తాయి. అయినా పాత షాపు వరసల్లో పై అంతస్తులో ఉండే హాళ్ళకు మెట్లు తప్ప లిఫ్టు లేకపోవడం మామూలే. గుమ్మం దగ్గర రెండే మెట్లు ఉన్నాయి, నలుగురం పట్టుకుని ఎత్తేస్తాం అనుకోవద్దు. కుర్చీలో ఉన్న మనిషికి అది భయం, అవమానం కూడా. మంటలు చెలరేగితే లిఫ్టు వాడకూడదు కాబట్టి, వీలైనంత వరకు కింది అంతస్తు హాలే మంచిది.

రెండోది వేదిక. వీల్‌చెయిర్ ర్యాంపుకు సాధారణంగా చెప్పే వాలు ఒకటికి పన్నెండు. అంటే 90 సెంటీమీటర్ల ఎత్తు స్టేజీకి 10.8 మీటర్ల ర్యాంపు కావాలి. డెకరేషన్ వాళ్ళు తెచ్చే రెండు మీటర్ల చెక్క వేస్తే వాలు 25 డిగ్రీలు దాటుతుంది, ఉండాల్సింది 5 డిగ్రీల లోపు. అలాంటి చెక్క వేయకపోవడమే మేలు. అంత చోటు లేకపోతే సన్మానాలు, బహుమతులు అందరికీ స్టేజీ కిందే ఇవ్వొచ్చు. ఒక్కరి కోసం మాత్రం కిందికి దిగి రావడం వేరు, అందరికీ అదే పద్ధతి పెట్టడం వేరు.

మూడోది టాయిలెట్, భోజనం. ఓకేయూ టాయిలెట్ ఉందా అని అడిగితే ఉందనే అంటారు. తలుపు తీసి చూడాలి. లోపల చీపుళ్ళు, విరిగిన కుర్చీలు పేర్చి ఉండొచ్చు, లేదా తాళం వేసి ఉండొచ్చు. ఆ తాళం ఆ రోజు ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కోవాలి. భోజనాల దగ్గర బఫే బల్లలు ఎత్తుగా ఉంటాయి, వరసలు ఇరుకుగా ఉంటాయి. కుర్చీ తిరిగేంత సందు వదలడం, వడ్డించి బల్ల దగ్గరికి తెచ్చి ఇచ్చే ఇద్దరు వాలంటీర్లను పెట్టడం కష్టమేం కాదు. చేతికర్రతో నడిచే తాతగారికీ, పసిబిడ్డను ఎత్తుకున్న తల్లికీ అదే సాయం.

నాలుగోది భాష. దీన్ని మనం బొత్తిగా పట్టించుకోం. మలేషియా సంజ్ఞా భాషను ఇక్కడి చట్టమే బధిరుల అధికార భాషగా గుర్తించింది. అయితే ఆ భాష తెలిసిన అనువాదకులకు సాధారణంగా మలయ్, ఇంగ్లిష్ వస్తాయి, తెలుగు వచ్చినవాళ్ళు దొరకడం కష్టం. స్టేజీ మీద తెలుగులో ప్రసంగం నడుస్తుంటే పక్కన అనువాదకుణ్ణి నిలబెట్టి ప్రయోజనం ఉండదు. కాబట్టి ప్రసంగాలు, నాటిక కథ సారాంశం మలయ్‌లోనో ఇంగ్లిష్‌లోనో ముందే రాసి వాళ్ళకివ్వాలి. అదే పాఠాన్ని తెరమీద వేస్తే వినికిడి తగ్గిన పెద్దలకు ఉపయోగం. తరాల కిందట ఎస్టేట్లకు వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో తెలుగు చదవడం రాని పిల్లలకూ ఉపయోగం.

అయిదోది శబ్దం. మన కార్యక్రమాల్లో స్పీకర్ల మోత ఎంతో అందరికీ తెలుసు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి అది తట్టుకోలేని బాధ. హాల్ పక్కన ఒక చిన్న గది ఖాళీగా ఉంచి, దానికి దారి చూపించే కాగితం అంటించాలి. మిలమిలా మెరిసే లైట్లు వాడేట్టయితే మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్ళ కోసం ముందే చెప్పాలి.

ఇవన్నీ చేశాక కూడా మన ఊహ తప్పు కావచ్చు. బతు కేవ్స్ సంగతి చూడండి. అక్కడి 272 మెట్లు ఎక్కలేనివాళ్ళ కోసం ఎస్కలేటర్ కట్టే ఆలోచనను 2024లో ఆలయ కమిటీ ప్రకటించింది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు అది నిజంగా మేలు. వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్ళు మాత్రం ఎస్కలేటర్ మీద వెళ్ళలేరు, వాళ్ళకు లిఫ్టులాంటిది కావాలి. ఒకరి అవసరం తీరితే అందరిదీ తీరినట్టు కాదు. ఎవరికి ఏం కావాలో తెలియాలంటే వాళ్ళనే అడగాలి.

అడగడానికి పైసా ఖర్చు లేదు. రిజిస్ట్రేషన్ ఫారంలో వెజ్, నాన్‌వెజ్ అని అడుగుతాం కదా, దాని కింద ఇంకో వరస చేరిస్తే చాలు: "మీరు గానీ మీతో వచ్చేవాళ్ళు గానీ సౌకర్యంగా పాల్గొనడానికి ఏదైనా ఏర్పాటు కావాలా?" జబ్బు పేరు, కార్డు నంబరు అడగనక్కర్లేదు. ఫోన్ చేయడానికి ఒక వాలంటీర్ నంబరు ఇవ్వాలి, కనీసం రెండు వారాల గడువు ఉండాలి. చెప్పినవాళ్ళకు ఏది చేయగలమో, ఏది చేయలేమో నిజాయితీగా జవాబివ్వాలి. చేస్తామని చెప్పి చేయకపోతే ఆ కుటుంబం మళ్ళీ అడగదు. కమిటీలో అలాంటి ఇంటివాళ్ళు ఒక్కరున్నా ఈ పనుల్లో సగం వాటంతట అవే గుర్తుకొస్తాయి.

రెండో ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో కౌలాలంపూర్‌లోనే జరిగాయి. ఆనాడు పాతికేళ్ళ వయసులో కుర్చీలు సర్దిన వాలంటీరు ఎవరైనా ఉంటే ఇప్పుడు ఆయన డెబ్భై ఏళ్ళ మనిషి. ఆయన పిల్లలు, మనవలు నడిపే సభకు ఆయన రాగలగాలి.

వచ్చే పండగకు హాల్ వెతికే కమిటీలు ఒక్క పని చేసి చూడండి. ర్యాంపు, టాయిలెట్, లిఫ్టు సంగతులు నోటిమాటగా కాకుండా బుకింగ్ కాగితంలో రాయించుకోండి. లేదన్న హాలును వదిలి ఇంకో హాలుకు వెళ్ళండి, ఎందుకు వెళ్తున్నారో వాళ్ళకు చెప్పి మరీ వెళ్ళండి. కౌలాలంపూర్ చుట్టుపక్కల తెలుగు సంఘాలు, వాటితో పాటు తమిళ, మలయాళీ, పంజాబీ సంఘాలు ఏడాదంతా ఇదే ప్రశ్న అడిగితే, చట్టానికి కోరలు వచ్చేదాకా ఆగకుండానే ఆ హాళ్ళలో ర్యాంపులు కనబడతాయి.