పెరటి కోడికి పురుగుల మేత: మరో ఈమూ కథ కానివ్వొద్దు

మీల్‌వార్మ్ పురుగులను ఇంట్లోనే పెంచి కోళ్లకు వేస్తే దాణా ఖర్చు సగానికి తగ్గుతుందన్న ప్రచారం ఫోన్ వీడియోల్లో మన పల్లెలకూ చేరింది. ఇలాంటి ప్రచారం వెనకే పిల్ల పురుగులు అమ్మేవాళ్లు, పెంచినవి మేమే కొంటామనేవాళ్లు వస్తారు. అందుకే ఇందులో మేలెంత, మోసానికి సందెక్కడ అన్నది ముందే తేల్చుకుందాం.

కోడికి పురుగు కొత్త మేతేమీ కాదు. పాత కుండలో పేడ, గడ్డి కుక్కి చెదలున్న చోట బోర్లించి, తెల్లారి ఆ చెదలను కోడిపిల్లలకు దులిపే పద్ధతి మన అమ్మమ్మలకు తెలిసిందే. పెంటకుప్పను గీరుకుంటూ, కళ్లంలో రాలిన గింజలు ఏరుకుంటూ కోడి తన పొట్ట తానే పోసుకునేది. ఇప్పుడు పశువులు తగ్గి పెంటకుప్పలు పోయాయి. కోత మిషన్లొచ్చి కళ్లాలు పోయాయి. వాకిళ్లకు సిమెంటు పడింది, గట్ల మీద కలుపు మందు పడింది. కోడికి దొరికే పురుగు కరువైంది. 2019 పశుగణన ప్రకారం దేశంలోని 85 కోట్ల కోళ్లలో దాదాపు 31.7 కోట్లు పెరటివే. వాటిని సాకేది ఎక్కువగా ఇళ్లలోని ఆడవాళ్లు. కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

మీల్‌వార్మ్ అంటే ఒక పెంకు పురుగు పిల్లదశ. నున్నటి గోడలున్న ప్లాస్టిక్ టబ్బులో గోధుమ తవుడు పోసి, తేమ కోసం క్యారెట్, బంగాళదుంప ముక్కలు వేస్తే చాలు, పెరుగుతుంది. గుడ్డు నుంచి కోళ్లకు వేసే సైజుకు రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. నీళ్లు చిలకరిస్తే బూజు పడుతుంది. టబ్బున్న బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టకపోతే చీమలు పడతాయి. పురుగుమందు తగిలిన తవుడు వేస్తే మొత్తం చస్తాయి. ఇది నిల్వ ధాన్యానికి పట్టే పురుగు కూడా, గాదెకు దూరంగా పెట్టాలి. వీటికి 25 నుంచి 28 డిగ్రీల వేడి బాగుంటుంది. మన మే నెల ఎండకు తట్టుకోవడం కష్టం.

ఇప్పుడు లెక్క చూద్దాం. కిలో పచ్చి పురుగుల్లో 600 గ్రాములకు పైగా నీరే. మాంసకృత్తులు 200 గ్రాములు. సోయా చెక్కలో కిలోకు 450 గ్రాములుంటాయి. కిలో పురుగులు రావాలంటే కనీసం రెండు కిలోల తవుడు కావాలి. అంటే తవుడు కొని పెంచితే సోయా కంటే చౌక అయ్యే అవకాశం తక్కువ. సగం ఖర్చు తగ్గుతుందన్న మాట ఇక్కడే తేలిపోతుంది. పది కోళ్లున్న ఇంట్లో, తవుడు చేతికందేచోట, రోజుకు కోడికి అయిదారు గ్రాములు అదనంగా వేస్తే మాత్రం మేలే. ముఖ్యంగా పిల్లలకు, గుడ్లు పెట్టే పెట్టలకు. వీటిలో సున్నం తక్కువ కాబట్టి గుల్ల పొడి వేయడం మానకూడదు.

అసలు చిక్కు పురుగు దగ్గర లేదు, తవుడు దగ్గర ఉంది. మన వడ్లు మిల్లుకు పోతే తవుడు మిల్లరుదే. ప్రభుత్వం మర పట్టించే ధాన్యంలోనూ తవుడు, ఊక మిల్లరుకే మిగులుతాయి. పండించిన మనమే మన తవుడును మళ్లీ కొనుక్కోవాలి. కోళ్లకైనా బర్రెలకైనా దాణా చౌక కావాలంటే ముందు మాట్లాడాల్సింది దీని గురించే.

ఈమూ పక్షులను మరిచిపోలేదు కదా? పిల్లల జతలు అమ్మినవాళ్లు లాభపడ్డారు. మాంసం కొనేవాళ్లు లేక, మేత పెట్టలేక రైతులు మునిగారు. 2012లో తమిళనాడు పెరుందురైలో ఈమూ పెట్టుబడి పథకం కూలి వేలమంది సొమ్ము పోయింది. సరుకుకు మార్కెట్ లేకుండా, కొత్తగా చేరేవాడికి పిల్లలు అమ్మడమే ఆదాయమైన వ్యాపారం ఎప్పుడైనా ఇలాగే ముగుస్తుంది. యూరోపియన్ యూనియన్ 2021లో కోళ్ల దాణాలో పురుగుల మాంసకృత్తులకు అనుమతిచ్చిన మాట నిజమే. అక్కడి అనుమతి ఇక్కడి రైతుకు కొనుగోలు హామీ కాదు.

మేము ఈ పురుగుల పెంపకానికి వ్యతిరేకం కాదు. దాన్ని వ్యాపార ఎరగా మార్చడానికే వ్యతిరేకం. అందుకే మన డిమాండ్లు ఇవి. కృషి విజ్ఞాన కేంద్రాలు మన ఎండల్లో ఈ పురుగులు ఎలా బతుకుతాయో పరీక్షించి, పెంపకానికి పిల్ల పురుగులను మహిళా సంఘాలకు ఉచితంగా ఇవ్వాలి. వనరాజా, గ్రామప్రియ కోళ్లను ఇచ్చిన రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ, మన నూకలు, తవుడు, చెదలు, పురుగులతో పెరటి మేత లెక్కలు తెలుగులో అందించాలి. ఊరి చిన్న మిల్లులకు సాయం చేసి తవుడు ఊళ్లోనే నిలపాలి. తిరిగి కొంటామని డబ్బు వసూలు చేసేవారిపై జిల్లా యంత్రాంగం ముందే నిఘా పెట్టాలి.

గ్రామ శాఖలు ఒక పని చేయాలి. ఒక్క ఇంట్లో ఒక్క టబ్బుతో మొదలుపెట్టి, ఒక ఎండాకాలం దాటించి చూడండి. నిలబడితే పక్కింటికి గుప్పెడు పురుగులు ఊరికే ఇవ్వండి. గుప్పెడుతో మొదలయ్యేదానికి వేల రూపాయల కిట్టు ఎందుకని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని వాణ్ణి ఊళ్లో అడుగుపెట్టనివ్వకండి.