లారీ ఆయిల్ మార్చడానికి మీటరు లెక్క ఒక్కటే చాలదు

పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల చుట్టుపక్కల గ్రామాల్లో లారీని నమ్ముకుని బతుకుతున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. సున్నం, సిమెంటు, మిర్చి, పత్తి ఏది కదలాలన్నా లారీయే దిక్కు. ఎకరమో రెండెకరాలో తాకట్టు పెట్టి, మిగతా సొమ్ము ఫైనాన్సులో తెచ్చి బండి కొన్న రైతులు ఉన్నారు. నెలనెలా కిస్తీ కట్టాలి. డ్రైవరుకు జీతం, బత్తా ఇవ్వాలి. టైర్లు, ఇన్సూరెన్సు, ఎఫ్.సి. ఖర్చులు సరేసరి. ఇన్నింటి మధ్య ఇంజన్ ఆయిల్ సంగతి వెనకబడుతోంది. “అన్నా, ఆయిల్ టైమయింది” అని డ్రైవరు చెబితే, “ఇంకో రెండు ట్రిప్పులు లాగించరా, చూద్దాం” అనే జవాబు చాలాచోట్ల వినబడుతున్నదే.

ఆయిల్ అసలు మార్చనివారు తక్కువే. చిక్కంతా ఎప్పుడు మార్చాలన్న లెక్కలో ఉంది. కంపెనీ పుస్తకంలోనో, షెడ్డువారు అంటించిన స్టిక్కరు మీదో ఒక అంకె ఉంటుంది. మీటరు ఆ అంకెకు చేరేదాకా మనవారు ఆయిల్ గురించి ఆలోచించరు. హైవే మీద తిరిగే బండికి ఈ పద్ధతి సరిపోవచ్చు. మన క్వారీలు, బట్టీలు, యార్డుల మధ్య తిరిగే బండికి మాత్రం సరిపోదు. ఈ ఒక్క కారణంగానే వేళ రాకముందే బోరుకొచ్చే ఇంజన్లు ఉన్నాయి.

ఎందుకంటే మీటరు లెక్కపెట్టేది చక్రాలు తిరిగిన దూరాన్ని. ఆయిల్ అరిగేది ఇంజను తిరిగినందుకు. విజయవాడ నుంచి హైదరాబాదుకు సరుకు తీసుకుపోయే బండి నాలుగైదు గంటలకు పైగా ఒకే ఊపున పోతుంది. దాని ఇంజను గంటకొక నలభై, యాభై కిలోమీటర్లు మీటరులో చూపిస్తుంది. మన టిప్పరు సంగతి వేరు. క్వారీలో పొక్లెయిను కోసం ఆగుతుంది. గుంటలోంచి మొదటి గేరులో పైకెక్కుతుంది. కాటా దగ్గర వరుసలో పది అడుగులు జరిగి ఆగుతుంది, మళ్లీ జరుగుతుంది. బట్టీ దగ్గర తొట్టి లేపేటప్పుడు ఇంజను గట్టిగా తిరుగుతుంది, చక్రం మాత్రం కదలదు. మిర్చి సీజన్లో గుంటూరు యార్డు బయట నిలబడే బండ్లదీ ఇదే వరస. రోజంతా ఇంజను నడిచినా సాయంత్రానికి మీటరులో వంద కిలోమీటర్లు కనబడవు.

ట్రాక్టరు ఉన్న రైతుకు ఈ విషయం కొత్తగా చెప్పనక్కరలేదు. ట్రాక్టరుకు ఎవరూ కిలోమీటర్లు చూడరు, గంటలు చూస్తారు. చాలా ట్రాక్టర్లకు 250 గంటలకొకసారి ఆయిల్ మార్చడం వాడుక. అదే రైతు లారీ కొనగానే గంటలు మరచి కిలోమీటర్లు పట్టుకోవడం వింతగా ఉంది. అదే 250 గంటలను లారీకి వేసి చూడండి. గంటకు 40 కిలోమీటర్ల చొప్పున నడిచే బండి 10,000 కిలోమీటర్లు తిరుగుతుంది. ఆగుతూ సాగుతూ గంటకు సగటున 20 కిలోమీటర్లు పోయే బండి 5,000 మాత్రమే తిరుగుతుంది. ఇంజన్లు రెండూ పడిన శ్రమ ఒకటే. మీటరు మాత్రం రెండో బండికి ఇంకా సగం బాకీ ఉందని అబద్ధం చెబుతుంది.

లారీలో గంటల మీటరు లేదు కదా, ఎలా లెక్కపెట్టేది అని అడగవచ్చు. అందరి దగ్గరా ఉండే లెక్క ఒకటుంది. అది డీజిల్ లెక్క. ఏ యజమానీ ఆయిల్ బిల్లు దాచకపోయినా డీజిల్ బిల్లు మాత్రం దాచుకుంటాడు. పుస్తకంలో మీ బండికి 18,000 కిలోమీటర్లు అని ఉందనుకుందాం. రోడ్డు మీద అది లీటరుకు నాలుగున్నర ఇస్తుందనుకుంటే, 18,000 కిలోమీటర్లకు 4,000 లీటర్లు తాగాలి. ఇక ఆ 4,000 లీటర్లనే గుర్తు పెట్టుకోండి. లోకల్ పనిలో మూడే వస్తున్నదంటే 4,000 లీటర్లు 12,000 కిలోమీటర్లకే అయిపోతాయి. ఆయిల్ అప్పుడే మార్చాలి. లోడు ఎక్కువైనా, ఎత్తు ఎక్కినా, వరుసలో నిలబడినా డీజిల్ ఎక్కువే తాగుతుంది కనుక ఆ శ్రమంతా దీనిలో తనంతట తానే కలిసిపోతుంది. మీటరు వైరు తెగి నెలల తరబడి ఒకే అంకె చూపించే బండ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. వారికి ఇంతకన్న దారి లేదు. ఆర్టీసీ డిపోల్లో ప్రతి బస్సుకూ డీజిల్ లెక్క, కిలోమీటర్ల లెక్క పక్కపక్కనే రాస్తారు. ఒక్క బండి ఉన్నవాడు అర్ధరూపాయి పెన్నుతో చేసుకోగల పని ఇది.

పై అంకెలు ఉదాహరణకు చెప్పినవి. మీ బండి అంకె మీ పుస్తకంలోనే చూడాలి. చాలా పుస్తకాల్లో హైవే బండికి ఒక అంకె, టిప్పరుకు, దుమ్ములో పనిచేసే బండికి అంతకన్న తక్కువ అంకె వేరుగా ఇస్తారు. పెద్ద అంకె అందరికీ గుర్తుంటుంది. ఆ రెండో వరుస చదివినవారు అరుదు. పుస్తకం ఇంగ్లీషులో ఉండటం కూడా ఒక కారణం. ఈ ప్రాంతంలో ఇన్ని బండ్లు అమ్ముకునే కంపెనీలు ఒక్క పేజీ తెలుగులో అచ్చువేసి తలుపు లోపల అంటించలేవా అన్నది అడగవలసిన ప్రశ్న.

ఇక బండి పెద్దగా తిరగలేదని రెండేళ్లు అదే ఆయిల్ ఉంచేవారున్నారు. ఇది కూడా పొరపాటే. సీజను అయిపోయి చింతచెట్టు కింద నిలబెట్టిన బండిలో, అప్పుడప్పుడు స్టార్టు చేసి ఆపేసే బండిలో, ఇంజను సరిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ ఆవిరై పోదు. కిలోమీటర్లు రాకపోయినా ఏడాదికొకసారి మార్చక తప్పదు.

ఆయిల్ నల్లబడితే పాడయిందనే నమ్మకం ఊరూరా ఉంది. డీజిల్ ఇంజన్లో కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. మంటలో పుట్టిన మసిని గడ్డకట్టనీయకుండా తనలో పట్టుకుని తిరగడం ఆయిల్ పని. నల్లబడిందంటే ఆ పని చేస్తున్నదన్న మాట. భయపడవలసిన గుర్తులు వేరే ఉన్నాయి. గేజీ పుల్ల తీసి చూస్తే ఆయిల్ పోయకుండానే మట్టం పెరిగి, డీజిల్ వాసన వస్తుంటే నాజిల్ నుంచో పంపు నుంచో డీజిల్ కిందికి దిగుతున్నదని అర్థం. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి, బండి అక్కడే ఆపాలి. ఆయిల్ తగ్గుతున్నదని పైన ఒకటి రెండు లీటర్లు పోస్తూ పోతే మార్చినట్టేనని మరికొందరు వాదిస్తారు. గేజీలో మట్టం సరిగా ఉండవచ్చు. మసి, ఆమ్లం ఎక్కడికి పోతాయి? అవి చాంబర్లోనే ఉంటాయి.

ఆయిల్ మార్చి ఫిల్టరు మార్చకపోవడం మనవారి మరో పొదుపు. “పోయినసారే వేశాం కదా, ఈసారికి కడిగి బిగించు” అంటారు. కాగితం ఫిల్టరును కడగడమంటే దాన్ని పాడు చేయడమే. ఫిల్టరు పూడిపోతే ఇంజనుకు ఆయిల్ అందకుండా పోకూడదని, లోపల ఒక చిన్న వాల్వు పెడతారు. ఫిల్టరు మూసుకుపోగానే అది తెరుచుకుంటుంది. అప్పటి నుంచి మురికి ఆయిల్ వడపోత లేకుండా నేరుగా బేరింగులకు పోతుంది. బండి నడుస్తూనే ఉంటుంది కనుక ఎవరికీ తెలియదు. ఫిల్టరు ధర కొన్ని వందలు. అది మిగిల్చినవారికి క్రాంకు, బేరింగులు, లైనర్లు కలిసి లక్ష దాటిన బిల్లు వస్తుంది. బండి షెడ్డులో ఉన్న నెలా రెండు నెలలూ కిరాయి రాదు. కిస్తీ మాత్రం ఆగదు. రెండు కిస్తీలు తప్పితే ఫైనాన్సు మనుషులు ఇంటికి వస్తారు. బండిమీద పెట్టిన భూమి సంగతి ఆ తర్వాత మొదలవుతుంది.

మన ప్రాంతానికి ఆయిల్ కన్న పెద్ద శత్రువు దుమ్ము అని నేననుకుంటాను. పిడుగురాళ్ల సున్నం బట్టీల మధ్య ఒక్క పూట తిరిగి వచ్చిన బండిని చూస్తే అసలు రంగేమిటో చెప్పలేం. రోడ్డు దుమ్ములోని ఇసుక రేణువు ఇంజన్లోకి పోతే లైనరునూ, రింగునూ ఆకురాయిలాగా అరగదీస్తుంది. సున్నం పొడి ఫిల్టరు కాగితాన్ని పూడ్చివేస్తుంది. తేమ తగిలితే అట్టకట్టి మరి వదలదు. ఫిల్టరు బిగుసుకుపోతే బండి లాగదు, నల్లపొగ వదులుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. చిరిగితే మాత్రం బండి హుషారుగానే లాగుతుంది, అసలు ప్రమాదం అదే. కొన్నాళ్లకు ఆయిల్ పోసే మూత తీస్తే లోపలి నుంచి పొగ తన్నుకొస్తుంది. మెకానిక్ చూసి బ్యాక్ కంప్రెషన్ అని చెబుతాడు. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

అలాగని రోజూ ఎయిర్ ఫిల్టరు ఊడదీసి దులపడం మంచిది కాదు. మన క్లీనర్లు దాన్ని టైరుకేసి బాదుతారు. పంక్చరు షాపు గాలి గొట్టం నేరుగా కాగితానికి ఆనించి కొడతారు. కంటికి కనబడని చీలికలు అప్పుడే పడతాయి. తీసిన ప్రతిసారీ ఎంతో కొంత దుమ్ము లోపలి గొట్టంలో రాలుతుంది. చాలా బండ్లకు ఎయిర్ క్లీనరు దగ్గర ఒక చిన్న సూచిక ఉంటుంది. అది ఎర్రగా చూపినప్పుడు తీస్తే చాలు. గాలి కొట్టవలసి వస్తే తక్కువ ఒత్తిడితో, లోపలి నుంచి బయటికి కొట్టాలి. లోపల రెండో చిన్న ఫిల్టరు ఉంటే దాన్ని శుభ్రం చేయరాదు, కొత్తది వేయడమే. ఫిల్టరు దాటిన తరువాత ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం, దాని క్లిప్పులు కూడా చూడాలి. అక్కడ చీలిక ఉంటే పైన ఎంత ఖరీదైన ఫిల్టరు వేసినా బూడిదలో పోసిన పన్నీరే.

డీజిల్ ఫిల్టరు గురించి రెండు మాటలు. కింద గిన్నెలో చేరిన నీళ్లను పొద్దున్నే స్టార్టు చేయకముందు వదలాలి. వానాకాలంలో ఇది మరువరాదు. కొత్త బండ్ల ఇంజెక్టర్లకు చుక్క నీరు కూడా పడదు.

కొత్త బండ్ల మాట వచ్చింది కనుక పాత మెకానిక్కుల సలహా సంగతి కూడా చెప్పాలి. వారు ఏ బండికైనా త్వరగా మార్చమనే అంటారు. వారు పని నేర్చిన రోజులకు అది సరైన మాటే. 1990ల్లో డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో వేల పాళ్లు ఉండేది. అది మండి ఆమ్లమై ఆయిల్‌ను తినేసేది. 2017 ఏప్రిల్లో దేశమంతటా బీఎస్-4 డీజిల్ వచ్చాక 50 పాళ్లకు, 2020 ఏప్రిల్లో బీఎస్-6 వచ్చాక 10 పాళ్లకు తగ్గింది. ఆయిల్ తయారీ కూడా మెరుగుపడింది. అందుకే కంపెనీలు ఇప్పుడు పెద్ద అంకెలు ఇవ్వగలుగుతున్నాయి. హైవే మీద తిరిగే కొత్త బండికి పాత లెక్కన ఐదు వేలకే ఆయిల్ పారబోయడం డబ్బు పారబోయడమే. ఆయిల్ షాపువారు ఆ మాట చెప్పరు, వారి వ్యాపారం వారిది. నేను తరచుగా మార్చమని అనడం లేదు. మీ బండి చేసే పనిని బట్టి మార్చమంటున్నాను.

బీఎస్-6 బండిలో ఇంకొక జాగ్రత్త. పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉన్న బండ్లకు బూడిద తక్కువగా మిగిల్చే ఆయిల్ కావాలి. పాత బండికి మిగిలిన డబ్బాను దీనిలో పోస్తే ఆ బూడిద వెళ్లి అక్కడ పేరుకుంటుంది. డబ్బా మీది గ్రేడు పుస్తకంలోని గ్రేడుతో కలవాలి. రేటు చూసి కొనే వస్తువు కాదు ఇది.

ఎఫ్.సి. దగ్గర పడితే రంగు వేయిస్తాం, లైట్లు సరిచేయిస్తాం, రేడియం స్టిక్కర్లు అంటిస్తాం, వెనక పద్యం కూడా కొత్తగా రాయిస్తాం. ఆయిల్ ఎప్పుడు మార్చావని అక్కడ ఎవరూ అడగరు. అడిగేవాడు బండిలోనే ఉన్నాడు, డ్రైవరు. అతని మాటకు విలువ లేదు. గుర్తు చేస్తే ఖర్చు పెట్టిస్తున్నాడంటారు, ఇంజను పట్టేస్తే అతని జీతంలో కోస్తారు. ఇది న్యాయం కాదు. తేదీ, మీటరు, అప్పటికి పోసిన డీజిల్ లీటర్లు, ఈ మూడూ ఒక అట్టమీద రాసి డ్రైవరు ఎదుట తగిలిస్తే తగవు ఉండదు. ఆయిల్, ఫిల్టర్ల కోసం ప్రతి కిరాయి నుంచి కొంత పక్కన పెట్టే యజమానులు కొందరున్నారు. టిప్పరుకు ట్రిప్పుకు యాభై రూపాయలు తీసినా సమయానికి చేతిలో ఉంటుంది.

ఆయిల్ కొనేటప్పుడు సీలు చూడాలి, బిల్లు తీసుకోవాలి. వాడిన ఆయిల్‌నే వడగట్టి, ఖాళీ డబ్బాల్లో నింపి, కొత్తదిగా అమ్మే మోసం దేశంలో చాలాచోట్ల పట్టుబడింది. అందుకు కావలసిన డబ్బాలు మన షెడ్ల నుంచే పోతాయి. డబ్బా ఖాళీ కాగానే మీ కళ్లెదుటే అడుగున మేకుతో నాలుగు పోట్లు పొడిపించండి. తీసిన ఆయిల్‌ను కాలువలో పోయనీయవద్దు. సెంట్రింగు పలకలకు పూస్తామని అడిగి పట్టుకుపోయేవారికి ఇవ్వడం వాడుకే కాని, శుద్ధి చేయడానికి అనుమతి ఉన్నవారికి షెడ్డు ద్వారా అమ్మితే నేలా నీరూ పాడుకావు, నాలుగు డబ్బులూ వస్తాయి.