రెండోసారి రావడమే అసలు పర్యటన

ప్రజాస్వామ్యంలో ప్రజలే ప్రభువులని పౌరశాస్త్రం పుస్తకంలో చదువుకున్నాం. ఆ ప్రభువుల దగ్గరికి వారి ప్రతినిధి ఎలా వస్తున్నాడు, వచ్చి ఏం వింటున్నాడు, వెళ్లాక ఏం జరుగుతోంది? సంక్షేమ హాస్టళ్లలో పెరిగి పీజీ దాకా వచ్చిన మేము ఈ విషయంపై నాలుగు మాటలు చెప్పదలచుకున్నాం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మాది. హాస్టలే లేకపోతే మాలో చాలామందిమి పదో తరగతి దగ్గరే పుస్తకం మూసి కూలికి పోయేవాళ్లం. అందుకే హాస్టల్ మాకు ఎవరో పెట్టిన దయ కాదు, హక్కు.

మన జిల్లాల్లో ఎమ్మెల్యే పర్యటన ఎలా ఉంటుందో హాస్టల్ విద్యార్థికి చెప్పనక్కర్లేదు. ముందురోజే కబురొస్తుంది. బోరు దగ్గరి బురద మీద మొరం పడుతుంది. బాత్‌రూములు ఫినాయిల్ వాసన కొడతాయి. పదింటికని చెప్పిన నాయకుడు రెండింటికి వస్తాడు. అప్పటిదాకా పిల్లలు క్లాసులు మాని వరుసలో నిలబడతారు. శాలువాలు, బొకేలు, ఫోటోలు అయ్యాక ఒక చిన్నపిల్లను పిలిచి "భోజనం బాగుందామ్మా?" అని అడుగుతారు. ఆ పిల్ల వెనకాలే వార్డెన్ నిలబడి ఉంటే "బాగుంది సార్" తప్ప ఇంకే జవాబు వస్తుంది? మర్నాడు పేపర్ జిల్లా పేజీలో "హాస్టల్‌ను ఆకస్మికంగా తనిఖీ చేసిన ఎమ్మెల్యే" అని ఫోటో పడుతుంది.

అందరూ ఇలాగే ఉంటారని మేము అనడం లేదు. ఇల్లందు నుంచి ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య గారు సైకిల్ మీద, బస్సులో తిరిగే ఎమ్మెల్యేగా పేరు తెచ్చుకున్నారు. 2020 లాక్‌డౌన్‌లో అప్పటి ములుగు ఎమ్మెల్యే సీతక్క గారు నిత్యావసరాలు పట్టుకుని అడవిలోని గూడేలకు నడిచి వెళ్లడం అందరూ చూశారు. పార్టీ ఏదైనా, జనం దగ్గరికి వెళ్లాలనుకునేవారికి దారి దొరుకుతుంది.

ఎమ్మెల్యేల కష్టం కూడా మాకు తెలుసు. పెళ్లికి రాలేదని ఒకరు, దశదిన కర్మకు రాలేదని ఒకరు అలుగుతారు. గుడి ప్రతిష్ఠలు, క్రికెట్ టోర్నమెంట్లు, షాపుల ఓపెనింగులు సరేసరి. ఇంటి శుభకార్యానికి వచ్చినవాడే మంచి నాయకుడన్న కొలత సమాజంలో ఉన్నంతకాలం ఆయన డైరీ అక్షింతలతోనే నిండిపోతుంది. ఆ కొలత మారాలి.

మెస్ ఛార్జీల సంగతే చూడండి. తెలంగాణలో సంక్షేమ హాస్టళ్లు, గురుకులాల డైట్ ఛార్జీలు ఏడేళ్ల తర్వాత, 2024 చివర్లో 40 శాతం పెరిగాయి. నెలకు 3 నుంచి 7 తరగతులవారికి 950 రూపాయలు 1,330 అయింది. 8 నుంచి 10 తరగతులవారికి 1,100 రూపాయలు 1,540 అయింది. ఇంటర్ నుంచి పీజీ వరకు 1,500 రూపాయలు 2,100 అయింది. 2024 డిసెంబర్ 14న కొత్త మెనూ ప్రారంభించి ముఖ్యమంత్రి, మంత్రులు, ప్రజాప్రతినిధులు హాస్టళ్లలో పిల్లలతో కలిసి భోంచేశారు. మంచి పనే, సంతోషించాం. కానీ ఆ ఏడేళ్లలో కందిపప్పు, నూనె, గుడ్డు ధరలు ఆగలేదు. అన్నేళ్లూ ఐదో తరగతి పిల్లవాడు రోజుకు 32 రూపాయల లోపే మూడు పూటలా తిన్నాడు. పర్యటనలు అప్పుడూ జరిగాయి, శాలువాలు అప్పుడూ కప్పారు. చూసిపోయినవారు చూసింది చూసినట్టు గట్టిగా చెప్పి ఉంటే ఏడేళ్లు పట్టేదా?

ఇక్కడే అసలు విషయం ఉంది. మన సమస్యలు రెండు రకాలు. కాలిపోయిన మోటారు, గడియ లేని బాత్‌రూము తలుపు, రాని డాక్టరు - ఇవి జిల్లాలోనే తీరాలి. మెస్ ఛార్జీలు, ఖాళీ పోస్టులు, అద్దె కొంపల స్థానంలో సొంత భవనాలు - ఇవి హైదరాబాద్‌లో తప్ప తీరవు. వార్డెన్, కలెక్టర్ శాసనసభలో మాట్లాడలేరు. మంత్రి మన వంటగదికి రోజూ రాలేడు. మన వంటగదిలోనూ, శాసనసభలోనూ నిలబడగలిగేవాడు ఎమ్మెల్యే ఒక్కడే. ఇక్కడ విన్నది అక్కడ ప్రశ్నగా అడగాలి, అక్కడ వచ్చిన జవాబు మళ్లీ ఇక్కడికి తేవాలి. రాష్ట్రంలోని 119 స్థానాల్లో ఎస్సీలకు 19, ఎస్టీలకు 12 రిజర్వు చేసింది కూడా ఈ గొంతు సభలో వినపడాలనే కదా!

అందుకే మా ప్రజాప్రతినిధులకు నాలుగు కోరికలు. ఒకటి, చెప్పకుండా రండి, రాత్రి భోజనం వేళకు రండి. రెండు, వార్డెన్‌ను, అధికారులను బయట ఉంచి పిల్లలతో మాట్లాడండి. ఆడపిల్లల హాస్టల్ అయితే ఒక మహిళా ప్రతినిధిని వెంట తీసుకురండి. చెప్పిన పిల్లలకు తర్వాత ఇబ్బంది రాకుండా చూసుకోండి. మూడు, ఏం చూశారో, ఏం మాట ఇచ్చారో హాస్టల్ రిజిస్టర్‌లో రాసి తేదీతో సంతకం పెట్టండి. సోమవారం ప్రజావాణిలో ఇచ్చిన అర్జీకి రసీదు ఉంటుంది. మీ కారు దగ్గర ఇచ్చిన కాగితానికి రసీదు లేదు. నాలుగు, మూడు నెలల్లో మళ్లీ రండి. పని కాకపోతే కాలేదనే చెప్పండి, ఎందుకు కాలేదో చెప్పండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీకూ ఒక మాట. ఎమ్మెల్యే గారు వచ్చినప్పుడు సెల్ఫీ తీసుకోండి, తప్పులేదు. కానీ చేతిలో వినతిపత్రం కూడా ఉండాలి. "సౌకర్యాలు లేవు" అని రాస్తే ఎవరికీ అర్థం కాదు. ఎంతమందికి ఎన్ని బాత్‌రూములు, ఎన్ని పనిచేస్తున్నాయి, మోటారు ఏ తేదీన కాలింది - ఇలా లెక్కతో రాయండి. ఒక కాపీ మీ దగ్గర దాచుకోండి. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది, అధికారులను కాగితం మీదే అడగండి. పద్దెనిమిదేళ్లు నిండగానే ఓటరుగా పేరు రాయించుకోండి.

మొదటిసారి వచ్చినవారికి స్వాగతం చెప్పడం మన మర్యాద. జవాబుతో రెండోసారి వచ్చినవారిని ఓటు వేసే రోజున గుర్తుపెట్టుకోవడం మన బాధ్యత.